ఆరు నిమిషాల దారం చప్పుడు

మా బైండింగ్ షాపులో కుట్టుపనంతా వదినదే. ఇరవై ఆరేళ్లు కిటికీ పక్కన ఒకే స్టూలు మీద కూర్చుని కుట్టింది. బోర్డు మీద మాత్రం మా అన్న పేరు ఉంటుంది. నేను అంచులు కోసేవాణ్ణి. కోత వంకరపోతే మళ్లీ దిద్దుకోవచ్చు. కుట్టు వదులైతే పుస్తకం రెండేళ్లకే పేజీలు రాలుస్తుంది. వదిన కుట్టినవి అట్ట చిరిగి వచ్చేవే గానీ కుట్టు తెగి తిరిగి రావడం నేను చూడలేదు.

వాళ్లకు ఒక్కతే కూతురు. ఏ మాటకైనా అర్థం చెబుతుందని అన్న దాన్ని డిక్షనరీ అని పిలిచేవాడు. కాలేజీలో భాషలు, సంస్కృతులు, సమాజంలో ఆడామగా తేడాల గురించి చదవడానికి చేరింది.

"ఆ తేడా తెలుసుకోడానికి కాలేజీ దేనికే డిక్షనరీ? మీ అమ్మనీ నన్నూ చూస్తే సరిపోదూ!" అని నవ్వాడు అన్న.

"ముందు మీరు చూడండి," అంది వదిన, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

ఆఖరి ఏడాది ఏదైనా వృత్తిలో వాడే మాటల మీద, అందులో ఆడవాళ్ల పని మీద రిపోర్టు రాయమన్నారు. పిల్ల మా షాపునే ఎంచుకుంది. ఆ రోజు వదిన స్టూలు చుట్టూ ఊడ్చి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, దారానికి పట్టించే మైనం కొత్త ముద్ద తెచ్చుకుంది.

"ఏంటి వదినా, ఫొటో తీస్తున్నారా?"

"పోవయ్యా! అడిగితే చూపించాలి కదా."

పిల్ల ఫోన్లో రికార్డింగు పెట్టి అన్న ఎదురుగా కూర్చుంది. "నీ దగ్గరికి ఆఖర్న వస్తానమ్మా. నువ్వెక్కడికి పోతావులే!" అంది. వదిన తలూపి కుట్టుకుంటూ ఉంది. లాగినప్పుడల్లా దారం కాగితంలోంచి సర్రుమంటోంది. కాసేపయ్యాక పిల్ల, "అమ్మా, కాస్త ఆపవా? అంతా నీ దారమే వినిపిస్తోంది," అంది.

"సరే," అని వదిన చేతులు ఒళ్లో పెట్టుకుంది.

అన్న రెండు గంటలు చెప్పాడు. జిగురూ, అట్టా, బంగారు అక్షరాలూ అన్నీ సరిగ్గానే చెప్పాడు. కుట్టు దగ్గరికొచ్చేసరికి, "ప్రతి ఫారానికీ విడిగా ముడి వేస్తాం," అన్నాడు. పదహారు పేజీల మడతను మేం ఫారం అంటాం. దానికి విడిగా ముడి ఎవరూ వెయ్యరు. ఒకే దారం కింది ఫారాన్ని పట్టుకుంటూ పైదానికి ఎక్కుతుంది. అన్న ఏనాడూ సూది పట్టినవాడు కాదు. ఆడవాళ్ల పని గురించి అడిగితే, "ఇంట్లోవాళ్లు కాస్త సాయం చేస్తారు, అంతే," అన్నాడు. వదిన మైనం ముద్ద మీద గోటితో గీతలు గీస్తూ కూర్చుంది.

ఆ 'ఆఖర్న' రానే లేదు. పరీక్షలొచ్చాయి, గడువొచ్చింది. రిపోర్టు అచ్చు వేయించి బైండింగుకి మా దగ్గరికే తెచ్చింది. కుట్టింది వదినే. ముప్పై ఒకటో పేజీ దగ్గర ఆగి చదువుకుంది. నేనూ తొంగి చూశాను.

"ముడి సంగతి తప్పు రాసింది వదినా. పిలిచి చెప్పు."

"ఇప్పుడెందుకులే. దాని మార్కులు పోతాయి," అని దారం బిగించింది.

రిపోర్టుకి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. నెల తిరక్కుండానే వదిన పోయింది. స్టూలు మీద కూర్చునే గోడకి ఒరిగింది. సూది వేళ్ల మధ్యే ఉంది. కుట్టు చట్రం మీద పుస్తకం సగంలో ఆగింది.

పదిహేను రోజుల తర్వాత పిల్ల షాపుకొచ్చి ఆ స్టూలు మీద కూర్చుంది. సగం పుస్తకానికి రిపోర్టులో రాసినట్టే ముడి వేసి లాగింది. కాగితం చిరిగింది.

"నువ్వు చెప్పినట్టే చేశా కదా నాన్నా!"

"నాకేం తెలుసే," అన్నాడు అన్న తల దించుకుని. "మీ అమ్మ ఉంది కదా అని..."

నావైపు తిరిగింది. "బాబాయ్, నువ్వైనా నేర్పు." ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని చూశాను. చూడటమే తప్ప నా చేతికి రాదు.

ఆ రెండు గంటల రికార్డింగులో వదిన గొంతు ఒక్క మాటే ఉంది, ఆ 'సరే'. దానికి ముందు ఆరు నిమిషాలు దారం చప్పుడు. ఇప్పుడు పిల్ల రోజూ మధ్యాహ్నం షాపుకి వచ్చి, స్టూలు మీద కూర్చుని ఆ ఆరు నిమిషాలూ వింటుంది. అమ్మ మాట వినాలంటే ముందు 'కాస్త ఆపవా' అన్న తన మాట వినాలి. అక్కడికి రాగానే ఆపేసి, మళ్లీ మొదట్నుంచీ పెడుతుంది.