పెట్టెలు వేరు, లోపలిది ఒకటే

కాడుగోడిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని నేను డీటీపీ పని చేస్తాను. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, చర్చి పాటల పుస్తకాలు, చనిపోయినవారి జ్ఞాపకార్థ కూడికలకు వేసే పాటల కాగితాలు. బెంగళూరులో తెలుగులో అచ్చు వేయించుకునేవాళ్ళు బయటివాళ్ళు అనుకునేదానికంటే ఎక్కువే. కడప వైపు నుంచి పెళ్ళై వచ్చిన కొత్తలో నేర్చుకున్న పని, ఇప్పటికీ అదే నా సంపాదన. ఈ ఊళ్ళోనే నర్సుగా చేసి రిటైరయ్యాక మా అక్క కూడా వచ్చి మాతోనే ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు. ఊరికే కూర్చోవడం ఆమెకు చేతకాదు.

ఒకరోజు పొద్దున కంప్యూటర్ ఆన్ చేస్తే తెర నిండా ఒక ప్రకటన వచ్చింది. కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్‌కు కొత్త వెర్షన్ వచ్చిందట. దాన్ని ఎక్కించుకునే అర్హత నా కంప్యూటర్‌కు లేదట. పాత వెర్షన్‌కు ఇక భద్రతా అప్‌డేట్లు ఇవ్వరట. మర్యాదగానే రాశారు. కొత్త కంప్యూటర్లు చూడమని కింద ఒక బటన్ కూడా పెట్టారు. ముందు రోజు సాయంత్రమే ఆ కంప్యూటర్ మీద ఒక పెళ్ళి పత్రిక పూర్తి చేశాను. ఎక్కడా మొరాయించలేదు.

అక్క నా భుజం మీదుగా చూసి, "బాగా తిరుగుతా ఉండే మనిషికి ఇంక మందులియ్యము పొమ్మన్నట్టుండాదే మే!" అంది.

ఇద్దరం కలిసి కంప్యూటర్ల అంగడికి వెళ్ళాం. అంగడాయనది తాతల కాలంలోనే వర్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. నా కంప్యూటర్ అమ్మిందీ, ఇన్నేళ్ళూ బాగుచేస్తూ వచ్చిందీ ఆయనే.

"ఈ సిస్టమ్ కాకుండా వేరేది ఉండే కంప్యూటర్ ఏదైనా చూపిస్తారా?" అని అడిగాను.

"ఇంకో కంపెనీది ఉండాదమ్మా. దానికి పెట్టె కూడా వాళ్ళదే కొనల్ల. మీ తెలుగు సాఫ్ట్‌వేర్ దాంట్లో ఎక్కదు."

"మరి ఈ వరసలో పెట్టినవన్నీ?"

"పెట్టెలు వేరే వేరేనమ్మా. లోపల ఉండేది ఒకటే."

"ఏమీ ఎక్కించకుండా ఖాళీది ఇస్తారా?"

ఆయన నవ్వాడు. వెక్కిరింత కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నన్ను ఎవురూ అట్ల అడగలేదమ్మా. కావల్లంటే తెప్పిస్తా, స్వల్ప రోజులు పడతాది."

అక్కకు ఇది మింగుడుపడలేదు. "పళ్ళపొడి కొనబోతే ఇన్ని రకాలు చూపిస్తారు కదప్పా, ఇంత పెద్ద వస్తువుకు రకాలు లేకుండా ఎట్ల?"

"అందరి దగ్గరా అదే ఉండాదని అందరూ అదే అడుగుతారు. అందరూ అడిగేదే మేము పెట్టుకుంటాము. ఏం చేయల్ల చెప్పండి?" అన్నాడాయన.

ఆ తర్వాత ఆయనే చెప్పాడు, ఉచితంగా దొరికే సిస్టమ్ ఒకటుందని, నా పాత కంప్యూటర్‌లో అది హాయిగా నడుస్తుందని. "కానీ మీ పనికి సరిపోతాదో లేదో నేను చెప్పలేను" అని హెచ్చరించాడు కూడా. నాకు అప్పటికే పంతం వచ్చింది. పాత కంప్యూటర్‌ను అంగడికి తెచ్చి ఇచ్చి, ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి తీయించుకుని, దాన్నే ఎక్కించమన్నాను.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే కళ్ళు మూసి తెరిచేలోగా తెర వెలిగింది. తెలుగు అక్షరాలు ఎంతో స్పష్టంగా కనిపించాయి. నేనేమో ప్రతి చిన్న పనికీ ఎక్కడ నొక్కాలో తెలియక వెతుక్కుంటున్నాను. అక్క మాత్రం ఖాళీ ఉన్నప్పుడల్లా దాని ముందు కూర్చుని, కొద్ది రోజుల్లోనే తెలుగు టైపు చేయడం పట్టేసింది. "కష్టమేముండాది మే? నువ్వు పాతదానికి అలవాటు పడినావు, అంతే" అంది. నిజమే. ఆమెకు మరిచిపోవలసిందేమీ లేదు.

అసలు చిక్కు నా పాత ఫైళ్ళతో వచ్చింది. ఇప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించేది యూనికోడ్ వల్ల; నేను ఇన్నేళ్ళూ వాడిన తెలుగు అక్షరాలు దానికంటే ముందు కాలానివి. ఆ టైపింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌లో ఎక్కలేదు. కొన్ని ఫైళ్ళు తెరుచుకోనే లేదు. తెరుచుకున్నవాటిలో తెలుగుకు బదులు ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు. మార్చిపెట్టే పద్ధతులున్నాయంటే ప్రయత్నించాను. ఒత్తులన్నీ చెల్లాచెదురయ్యాయి. నా సొంత పనిని నేనే చదవలేకపోయాను.

అట్లాంటి సమయంలో అక్కతో కలిసి నర్సింగ్ చదివిన స్నేహితురాలు చనిపోయింది. హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. ఉద్యోగానికి ఈ ఊరు వచ్చాక కూడా ఆదివారం చర్చిలో పక్కపక్కనే కూర్చునేవాళ్ళు. ఆమె కూతురు ఫోన్ చేసి, మరుసటి రోజు కూడికకు పాటల కాగితం కావాలంది. ఆ పాటలన్నీ నా దగ్గరున్నాయి, తెరుచుకోని ఫైళ్ళలో.

"నేను చెప్తా, నువ్వు కొట్టు" అంది అక్క.

ఆమె మామూలుగా చెప్పబోయింది. పదాలు తడబడ్డాయి. పాడితేనే గుర్తొస్తున్నాయి. అందుకని నా వేళ్ళకు అందేంత నెమ్మదిగా పాడింది. ఒక చరణం మధ్యలో ఆగింది. నేను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆగిన పంక్తి నుంచే తను మళ్ళీ మొదలుపెట్టి ఆఖరి వరకూ పాడింది.

అచ్చువేసే ఆయనకు పీడీఎఫ్ పంపితే విసుక్కున్నాడు. "మీ మామూలు ఫైలు పంపండక్కా, దీంట్లో తప్పుంటే నేను దిద్దలేను" అన్నాడు. వేరే ఫైలు లేదు, చూసుకోవడానికి వ్యవధీ లేదు. అట్లాగే అచ్చయింది. తీరా చూస్తే అక్క ఆగిన చోట ఒక పంక్తి రెండుసార్లు పడింది.

కూడికలో నేను తల వంచుకుని కూర్చున్నాను. అందరూ కాగితంలో ఉన్నట్టే ఆ పంక్తిని రెండుసార్లు పాడారు. ఎవరూ తడుముకోలేదు. అక్క కళ్ళు మూసుకుని, కాగితం చూడకుండానే, వాళ్ళతో పాటు రెండోసారీ పాడింది.

అయితే ఆ ఒక్క రోజుతో నా పని గడవదు కదా. నా ఖాతాదారులు చాలామంది పాత కార్డులోనే పేర్లు మార్చి ఇమ్మంటారు. అచ్చువేసే ఆయన తన ఇబ్బంది మళ్ళీ చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. ఆయన యంత్రం, నా అక్షరాలు, అంగడాయన సరుకు, అన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. వాటిలోంచి నేను ఒక్కదాన్నే విప్పుకుని బయటికి రాలేను. కొత్త కంప్యూటర్ కొన్నాను, మామూలు సిస్టమ్ ఉన్నదే. పాతది అక్క తీసుకుంది. తనకు వచ్చిన పాటలన్నీ దాంట్లో టైపు చేసుకుంటోంది.

కొత్తది మొదటిసారి ఆన్ చేసినప్పుడు షరతులు పేజీలకు పేజీలు వచ్చాయి. కింద "అంగీకరిస్తున్నాను" అని అర్థం వచ్చే బటన్. అక్క పక్కన నిలబడి చూస్తోంది.

"ఒప్పుకోకుంటే ఏమయితాది?"

"ముందుకు పోదు. ఇక్కడే ఆగిపోతుంది."

"మరి అడిగేదెందుకు?"

బయట ఎవరో పత్రిక కోసం వచ్చి గేటు కొడుతున్నారు. నొక్కేశాను.