కోపం పట్టని సంతకం

అది కాదండీ, మీసాలొచ్చిన మగవాడికి తన పేరు తాను రాసుకోవడం నేర్పిస్తామంటే ఒళ్లు మండదా? ఆ రోజుల్లో నాకు మండింది. అసలు ఆ రోజుల్లో నాకు మండనిదేదీ లేదనుకోండి. కాఫీ చల్లారినా మండేది, బస్సు ఆలస్యమైనా మండేది. మద్రాసులో పుట్టి, అక్కడే ఇంగ్లీషు చదువులు చదివి, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుని, పంచాయతీ సమితులు కొత్తగా పెట్టిన ఆ కాలంలో నెల్లూరు జిల్లా సముద్రపొడ్డున ఒక సమితికి బి.డి.ఓ.గా దిగాను. ఆఫీసులో నాకు నచ్చిన వస్తువు ఒక్కటే, నల్లటి టెలిఫోను. ఎత్తిన రిసీవరు దించేవాణ్ణి కాదు. సగం సేపు లైను ఉండేది కాదు, అయినా చెవికి ఆనించుకునే కూర్చునేవాణ్ణి (అధికారి అన్నాక చేతిలో ఏదో ఒకటి ఉండాలని నా నమ్మకం). అందుకే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నాకు ‘హలో దొర’ అని పేరు పెట్టారు.

చేరిన కొద్దిరోజులకే తెలిసింది, దొరకు ఫోను ఉంది గానీ సంతకం లేదని. ట్రెజరీలో శిక్షణ పూర్తిచేసి, ‘ఇతనికి పని వచ్చింది’ అని అక్కడి అధికారి కాగితం ఇస్తే తప్ప బిల్లుల మీద నా సంతకం చెల్లదట. నా ముందున్నాయన బదిలీ అయి వెళ్లిపోయాడు. అది మార్చి నెల. బోగోలు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పట్టపుపాళెంలో, అంటే జాలర్ల పల్లెలో, మంచినీళ్ల బావి మంజూరై ఉంది. బావిలో దించే సిమెంటు ఒరలు కూడా పోసి ఆరబెట్టారు. బిల్లు పాసు కాకపోతే వాటిని వేరే ఊరికి అమ్ముకుంటానని ఒరలు పోసినాయన కబురు పంపాడు. ఆ పాళెం ఆడవాళ్లు ఇసకలో చెలమ తోడి, ఊరిన నీళ్లను కొబ్బరిచిప్పతో ఎత్తి బిందె నింపుకునేవాళ్లు. ఎండలు ముదిరితే ఆ చెలమలూ ఉప్పుకషాయమే.

పాళెం తరఫున మా ఆఫీసుకు వచ్చేది ఒకావిడ. ఎండుచేపలు అమ్మేది, అందరూ ఎండుచేపలక్క అనేవాళ్లు. గంప వరండాలో దించి (ఆ వాసనకు మా హెడ్ గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చునేవాడు) నా బల్ల ముందు నిలబడింది.

“బాయి ఎప్పుడు తవ్విస్తావు సారూ?”

“నా శిక్షణ అయ్యాక. ఈ నెలాఖరులోపు సంతకం పడకపోతే మాత్రం డబ్బు మురిగిపోతుంది అక్కా.”

“దుడ్లు మురగడమేంది? అదేమన్నా చేపనా?”

“అంటే సర్కారు వెనక్కి తీసేసుకుంటుందని. మా ఆఫీసుల్లో అట్లా అంటారు.”

“అట్నా! మేం చేప మురగతాదని తెలిస్తే ఉప్పేసి ఎండబెట్టుకుంటాం. మీకా తెలివి ల్యాకపాయె.” అప్పుడు ఆవిడ చూపు నా రిసీవరు మీద పడింది. “అయినా ఎప్పుడు జూసినా ఆ నల్లదాన్ని చెవులో పెట్టుకోనుంటావే, దాంట్లో నీళ్లొస్తాయా సారూ?”

గుమాస్తాకు ఉన్నట్టుండి దగ్గొచ్చింది. నాకు మండింది. జిల్లా ఆఫీసుకు ట్రంకు కాల్ పెట్టి, శిక్షణ సంగతి తర్వాత, ముందు సంతకం అధికారం ఇవ్వండని అరిచాను. “శిక్షణ అయితేనే సంతకం” అని అటునుంచి ఒక్క ముక్క వచ్చి లైను తెగిపోయింది. సరే, అయితే అదే చూద్దాం! ఈ నెల దాటకుండా ఆ శిక్షణ మెడలు వంచి పాళెంలో ఒరలు దించకపోతే మద్రాసు రైలెక్కేస్తానని అందరి ముందూ ఒట్టేశాను. (“టిక్కెట్టుకు దుడ్లుండాయా సార్?” అని గుమాస్తా వినయంగా అడిగాడు. జీతాల బిల్లు మీద పడాల్సిందీ నా సంతకమే మరి.)

తాలూకా ట్రెజరీలో నాకు దొరికిన గురువుగారిని ఆ ప్రాంతమంతా ‘అభ్యంతరం గారు’ అనేది. నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట అదే. బిల్లులు, పద్దులు, రూల్సు నాకు తొందరగానే పట్టుబడ్డాయి. చిక్కంతా సంతకంతోనే వచ్చింది. నమూనా సంతకం ఒకటి ట్రెజరీలో ఉంచుకుంటారు. బిల్లు మీద పెట్టింది దానితో అచ్చుగుద్దినట్టు కలవాలి. నా సంతకమేమో ఇంగ్లీషులో ఒక్క విసురు, ముందు గాలిపటం, వెనక దాని తోక. కాలేజీలో స్నేహితులు మెచ్చుకున్న సంతకమది. అభ్యంతరం గారు రోజూ పొద్దున్నే నాతో సంతకం పెట్టించి, నమూనా పక్కన పరిచి, కళ్లద్దాలు నుదుటి మీదకు తోసి చూసేవాడు.

“అభ్యంతరం. ఇది నిన్నటి మీరు కాదు.”

“నేనేనండీ! మీ కళ్లముందే కదా పెట్టాను!”

“రేపు మీ బిల్లు వెంట నా కళ్లు రావు గదా నాయనా. ఈ తోక చూడండి. నిన్న అంచు కాడ ఆగినాది, ఈ పొద్దు కాగితం దాటి నా బల్ల మీదికొచ్చేసినాది.”

ఆయన అభ్యంతరం అన్నకొద్దీ నాకు మండేది, మండినకొద్దీ తోక పెరిగేది, తోక పెరిగినకొద్దీ ఆయన అభ్యంతరం అనేవాడు. చివరికి ఒకరోజు నా పాళీ కాగితాన్ని చీల్చుకుంటూ పోయింది. “కోపాన్ని పాసు చేసే పద్దు మా కాడ లేదు. ఒకే మాదిరి సంతకం వస్తేనే కాగితం ఇచ్చేది” అని తేల్చేశాడు. నెలాఖరు ముంచుకొస్తోంది. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను. బజారులో సరుకమ్ముకుని తిరిగి పోతున్న ఎండుచేపలక్క నన్ను చూసి ఆగింది.

“ఏం సారూ, పడిందా సంతకం?”

“లేదక్కా. కోపమొస్తే మారిపోతోంది.”

“అయితే నా మాదిరి ఏలిముద్ర ఎయ్యరాదా? మా ఇంటాయనతో కొట్లాడొచ్చి ఏసినా అదే పడతాది!”

పకపకా నవ్వుకుంటూ పోయింది. నేను నవ్వలేదు. కొడుకు బి.డి.ఓ. అయి వేలిముద్ర వేశాడని తెలిస్తే మా నాన్న గడప తొక్కనిస్తాడా? కానీ కోపానికి లొంగని గీత నా చేతిలోనూ ఒకటి ఉండకపోతుందా అని పంతం పట్టుకుంది. విసురుగా లోపలికి పోయి, ఒక తెల్లకాగితం లాక్కుని, నా పేరు తెలుగులో రాశాను.

నాకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ, రాయడం మా అమ్మమ్మ వేసవి సెలవుల్లో దిద్దించినంతే. పైగా నా పేరులో ఒక ‘క్ష్మి’ ఉంది. ఆ ఒత్తుల మీద ఒత్తులు తగిలించి, పైన గుడి కట్టేలోపు మనిషికి ఆకలి కూడా గుర్తుండదు. తల పక్కకు వాల్చి, నాలుక కొంచెం బయటపెట్టి రాయాల్సిందే.

“అభ్యంతరం! ఇదేందయ్యా, పిల్లకాయ పలక మీద దిద్దినట్టుండాది. ఆఫీసరు సంతకం ఇట్టా ఉంటాదా?”

“ఏ భాషలో పెట్టాలో రూల్లో ఎక్కడుందో చూపించండి.”

ఆయన రూల్సు పుస్తకం తీశాడు. తిప్పాడు. మొదటి నుంచి మళ్లీ తిప్పాడు. అభ్యంతరం దొరకని మనిషి మొహం ఎలా వేలాడుతుందో అప్పుడు చూశాను. “సరే, మళ్లీ పెట్టు” అన్నాడు. పెట్టాను. “ఇంకోటి.” పెట్టాను. అన్నీ ఒక్క వాయిలో దిగిన ఇడ్లీల్లా ఉన్నాయి. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, “మద్రాసులో అంతంత ఫీజులు కట్టి మీ నాయన నేర్పించింది ఇదేనా? ఆ దుడ్లతో రెండు బర్రెలు కొనుక్కోనుంటే పాలన్నా ఇచ్చుండేవి” అన్నాడు. నా చెవులు భగ్గుమన్నాయి. కుర్చీ వెనక్కి తన్ని లేచాను.

“ఆ! ఇప్పుడు పెట్టు” అన్నాడాయన నిదానంగా.

పళ్లు కొరుకుతూనే మొదలుపెట్టాను. ‘క్ష్మి’ దాటేసరికి ఆయన ఏమని తిట్టాడో మర్చిపోయాను. ఆయన కాగితాన్ని దగ్గరగా, దూరంగా, వెలుతురుకు పట్టి చూశాడు. గాలిపటం నమూనాను కొట్టేసి, దీన్ని అంటించాడు. “అభ్యంతరం లేదు.” (ఆ రెండు మాటలు ఆయన నోట జంటగా విన్నవాళ్లు ఆ ట్రెజరీలో అంతవరకూ లేరట.)

శిక్షణ కాగితం చేతికొచ్చింది, నెల తిరక్కముందే బిల్లు పాసైంది. ఒరలు ఎడ్లబండ్ల మీద ఇసకలో కూరుకుంటూ, తోసుకుంటూ పాళెం చేరాయి. బావిలో నీళ్లు పడిన రోజు అక్క మొదటి చెంబు నా చేతికిచ్చింది. పాళెమంతా నా గుటక వంక చూస్తోంది. తాగాను. “తియ్యగా ఉన్నాయి” అన్నాను. అక్క కూడా ఒక గుక్క తాగి మూతి తిప్పింది.

“రవ్వంత ఉప్పగుండాయి గదా సారూ?”

“తియ్యగా ఉన్నాయంటే తియ్యగా ఉన్నాయి!”

“అట్నేలే సారూ, అరవబాక. చెలమ నీళ్లకంటే నయమే, బిడ్డలు తాగతారు” అంది, ఆడవాళ్లంతా నవ్వుతూ బిందెలు ముందుకు జరుపుకున్నారు.

తర్వాత ఎన్ని బిల్లులు చేతి కింద నలిగాయో! పెట్టగా పెట్టగా నా తెలుగు సంతకమూ పరుగు నేర్చింది, ‘క్ష్మి’కి కూడా చిన్న తోక మొలిచింది. ఇప్పుడు డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, కోపమూ తగ్గించమన్నాడు. ఉప్పు తగ్గించాను. నాలుక బయటపెట్టి తన పేరు తాను కూడబలుక్కుంటూ రాసుకున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే మాత్రం, వాడి భుజం తట్టి పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. ఇక ఆ చెంబెడు నీళ్లంటారా, తియ్యగానే ఉన్నాయి. కాదనేవాళ్లు ఎవరండీ, ఏదీ, ఒకసారి ముందుకు రండి?