సమాయిల్ వాలులో తొలి బ్రేకు

2018లో నేను మస్కట్‌లో, వాదీ కబీర్ వైపు ఒక గ్యారేజీలో బ్రేకులూ సస్పెన్షనూ చూసే మెకానిక్‌ని. ఊరు జగిత్యాల దగ్గర, రూమ్ దార్సైట్‌లో. అప్పట్లో ఒమానీ కుర్రవాళ్లకు అమెరికన్ మజిల్ కార్లంటే పిచ్చి. పెద్ద వీ8 ఇంజను, పొడుగాటి బానెట్, బండి వీధి మలుపులో ఉండగానే మా టీ గ్లాసులు గలగలమనేవి. ఇప్పుడు ఆ చప్పుడు అరుదైపోయింది. ఎప్పుడైనా వినిపిస్తే చేతిలో పని ఆపి బయటికి వచ్చి చూస్తాను. ఆ రోజులంటే నాకు ఇంకా బెంగే.

ఖల్ఫాన్ మా పాత కస్టమర్. రోజూ సమాయిల్ నుంచి మస్కట్ ఆఫీసుకు వచ్చేవాడు, సెలవు రోజు శుక్రవారం రేసు ట్రాక్ మీద కారు తిప్పేవాడు. రెండింటికీ పనికొచ్చే ఒక్క కారు కొనాలని, స్నేహితుల దగ్గర ఛాలెంజర్, కమారో, మస్టాంగ్ అని మూడు బళ్లు అడిగి తెచ్చి నా ముందు పెట్టాడు. రెండు రోజులు ఇద్దరం అవే నడిపాం.

ఛాలెంజర్ ఇంట్లో సోఫా లాంటిది. గతుకులు తెలియవు, వెనక సీట్లో నిజంగానే మనుషులు పడతారు, డిక్కీలో ఖర్జూరం బస్తాలు పడతాయి. ట్రాక్ మీద మాత్రం ప్రతి మలుపులో దాని బరువు గుర్తుకొచ్చేది. కమారో దానికి పూర్తిగా ఎదురు. మలుపులో స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరిగేది. అయితే కిటికీలు సన్నం. పార్కింగ్‌లో పక్కనేముందో చూడబోయి నా మెడ పట్టేసింది. మస్టాంగ్ ఈ రెండింటికీ మధ్య రకం, దేనిలోనూ మొదటిది కాదు, దేనిలోనూ చివరిది కాదు.

"రెండు పనులకూ ఒకటే కావాలంటే మస్టాంగ్, అర్బాబ్" అన్నాను. యజమానులను ఇక్కడ అలాగే పిలుస్తాం.

"అది సరే. మా అమ్మ ఎక్కి దిగగలదా?" అన్నాడు. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇక్కడ ఆదివారం పనిరోజే అయినా, ఆఫీసుకు ఆలస్యంగా వస్తానని చెప్పి, తనే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు.

మర్నాడు ఆమె గ్యారేజీకి వచ్చింది. మేమంతా మామా అనేవాళ్లం, ఇక్కడ అమ్మ అని. మూడింటిలోనూ కూర్చుని లేచింది. "దీంట్లోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలను" అని మస్టాంగ్ తలుపు తట్టింది. మేం రెండు రోజులు నానా తంటాలు పడి చెప్పిన తీర్పును ఆమె రెండు నిమిషాల్లో ఖాయం చేసింది.

ఖల్ఫాన్ మస్టాంగే కొన్నాడు. అప్పటినుంచి గురువారం సాయంత్రం ట్రాక్ ప్యాడ్లు వేయడం, శనివారం తీసి రోడ్డు ప్యాడ్లు వేయడం నా డ్యూటీ. ప్యాడ్ అంటే చక్రంలోని డిస్కును నొక్కి పట్టే దిమ్మ. ట్రాక్ ప్యాడ్ బాగా కాలితేనే గట్టిగా పడుతుంది. నాలుగు చుట్లు తిరిగాక దానికి తిరుగుండదు కానీ, చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ.

ఒక శనివారం పని మీద పని పడింది. ఖల్ఫాన్ తొందరలో ఉన్నాడు. "రేపు మధ్యాహ్నం రా అర్బాబ్, ప్యాడ్లు అప్పుడు మారుస్తాను. ఒక్క పూటకేం కాదు" అన్నాను. నాతో పనిచేసే నిజామాబాద్ సాయన్న నవ్వాడు. "గీ ఎండల బ్రేకులకు సలి పెడ్తదా అన్నా?" నేనూ నవ్వాను. మనిషి మాడిపోయే ఎండ ఆ ప్యాడ్‌కు గోరువెచ్చన కూడా కాదని తెలిసిన మెకానిక్‌ని నేను. అయినా ఒమన్‌లో ఇన్నేళ్లు ఉండి, ఇక్కడ చల్లారే వస్తువే లేదని నమ్మడం మొదలుపెట్టాను.

ఆదివారం పొద్దున ఖల్ఫాన్ తల్లిని ఎక్కించుకుని ఇంటి ముందు వాలు దిగాడు. కింద మేక అడ్డం వచ్చింది. అదే ఆ రోజు తొలి బ్రేకు. బండి ఆగాల్సినచోట ఆగకుండా వెళ్లి, తోటలకు నీళ్లు తెచ్చే ఫలజ్ కాలువ గోడను గుద్దింది. మామా డాష్‌బోర్డుకు చెయ్యి అడ్డం పెట్టింది. మణికట్టు విరిగింది.

బండి మా దగ్గరికే వచ్చింది. ఖల్ఫాన్ నన్ను ఒక్క మాట అనలేదు. "నేనే వేగంగా దిగాను. బాగుచెయ్యి, అమ్మేస్తాను. ఇక అమ్మను నేను ఎక్కించుకోను" అని ఫోన్‌లో అన్నాడు. ప్యాడ్ల సంగతి అతనికి తట్టనే లేదు.

"నువ్వేం జెప్పకు అన్నా. కఫీల్‌కు తెలిస్తే వీసా క్యాన్సలే" అన్నాడు సాయన్న. కఫీల్ అంటే వీసా ఇచ్చిన ఆసామి. ఆ మాట అబద్ధం కాదు. ఊళ్లో ఇల్లు సగం కట్టి ఉంది నాది. నాలుగు రోజులు నోరు మూసుకున్నాను. అన్నం ముందు కూర్చుంటే ఆమె చెయ్యే కనిపించేది.

శుక్రవారం టాక్సీలో సమాయిల్ వెళ్లాను. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో కూర్చోబెట్టి ఖల్ఫాన్ కహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోశాడు. తాగలేక కప్పు కింద పెట్టి, "తప్పు నాది, అర్బాబ్. ఆ ప్యాడ్లతో బండి పంపకూడదు" అని అంతా చెప్పాను. లోపలి గుమ్మం దగ్గర కట్టు చేతితో నిలబడ్డ మామా ఏమిటని అడిగింది. అతను అరబ్బీలో చెప్పాడు.

ఆమె నాకేసి చూసింది. "తల్లి చెయ్యి విరిచానని వీడు వారం నుంచి సరిగా తినడం లేదు. ఇవాళ తింటాడు" అంది. తర్వాత ఎడమ చేత్తో ఖర్జూరం పళ్లెం నా ముందుకు జరిపి, "నువ్వూ తినలేదు కదా" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

మామా కట్టు విప్పాక, బండికి రోడ్డు ప్యాడ్లు వేసి, రాత్రంతా చల్లారాలని ముందు రోజే వాళ్లింటి ముందు పెట్టి, తెల్లారాక వెళ్లాను. మామా ముందు సీట్లో కూర్చుని, "నువ్వు నడుపు" అంది నాతో. ఖల్ఫాన్ వెనక ఇరుక్కున్నాడు. వాలు దిగుతుంటే ఆమె చెయ్యి డాష్‌బోర్డు మీదే ఉంది. అదే గోడ దగ్గర బ్రేకు తొక్కాను. బండి ఆగింది. ఆమె చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, "పద, ఆసుపత్రికి ఆలస్యమవుతోంది" అంది.

ఖల్ఫాన్ బండి అమ్మలేదు. నేను మాత్రం ఆనాటి నుంచి బ్రేకు పని చేసిన ఏ బండినీ అదే సాయంత్రం ఇవ్వను. రాత్రంతా చల్లారనిస్తాను. పొద్దున తొలి బ్రేకు నేనే తొక్కుతాను, పక్క సీట్లో మామా కూర్చున్నట్టే.