వేట ఆగిన నెలల పిల్లలు

"నర్సమ్మగారూ, మా పిల్ల ఏ నెల్లో పుట్టిందో మీ పుస్తకాల్లో రాసి ఉంటదా?"

మా పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపల పొలుసు తీస్తూ ఆమె అడిగింది. గిలకలదిండి జాలరిపేట నుంచి వారానికి రెండుసార్లు మా ఇంటికి చేపలు తెస్తుంది. నేను గవర్నమెంటు నర్సుగా మొదట అవనిగడ్డ వైపు పల్లెల్లో, తర్వాత రిటైరయ్యేదాకా వాళ్ల పేటకి దగ్గర్లోని సబ్‌సెంటర్లో పనిచేశాను. ఆమెకు రెండు పురుళ్లూ పోసింది నేనే.

"కన్నదానివి నువ్వు. నెల నన్నడుగుతావేంటి?" అన్నాను.

"మాఘమాసమని నాకు గుర్తేనండీ. కానీ సర్టిఫికెట్లో అంతకు ముందేడు జూన్ ఉంది. బళ్లో చేర్చుకోడానికి వయసు చాల్లేదని మేస్టారు వెనక్కి జరిపి రాశారు. అసలు తేదీ కావాలి నాకు."

"ఇప్పుడెందుకు?"

ఆమె చేతిలో చేప ఆగింది. "మా చెల్లెలి కూతురు ఫోన్లో చదివి చెప్పింది. పుట్టిన కాలాన్ని బట్టి మనిషికి దిగులు జబ్బు వస్తదంట. చలికాలం చివర పుట్టినోళ్లకి ఎక్కువంట. నిజమేనా అండీ?"

ఆమె కూతురి సంగతి నాకు తెలుసు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేస్తూ అక్కడే హాస్టల్లో ఉండేది. కొన్ని నెలల పాటు నిద్ర పట్టలేదు. పాఠం చెబుతూ చెబుతూ గుండె దడదడలాడి మధ్యలో ఆగిపోయేది. తర్వాత పొద్దున్నే మంచం మీద నుంచి లేవడమే కష్టమైంది. సెలవు పెట్టి ఇంటికి వచ్చింది. బందరు పెద్దాసుపత్రిలో మనసు జబ్బుల డాక్టరు చూసి మాత్రలు రాశారు. కనీసం ఆర్నెల్లు వాడాలని, మధ్యలో మానకూడదని చెప్పారు. మూడు వారాలకి కాస్త నిద్ర పడుతోందని ఆ పిల్లే నాకు ఫోన్లో చెప్పింది.

"పుట్టుకతో వచ్చింది మాత్రలతో పోద్దా చెప్పండి?" అంది ఆమె. "మానెయ్యమన్నాను. పెళ్లి కావాల్సిన పిల్ల. అయి ఏం మాత్రలో నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటది?"

"తను ఏమంటుంది?"

"నాలుగు రోజులు మింగుద్ది, రెండు రోజులు మానుద్ది. నా మాట పూర్తిగా తీసెయ్యలేకపోతోంది."

తేదీ కలిస్తే ఆ నాలుగు రోజులు కూడా ఆపించేస్తుందని నాకు అర్థమైంది. "వెతుకుతాను. వారం పడుతుంది. నేను చెప్పేదాకా ఒక్క పూట కూడా మానిపించొద్దు," అన్నాను.

"సరేనండి. మీ మాట మీద," అని మళ్లీ చేప అందుకుంది.

నేను ట్రైనింగ్ పూర్తయిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. ఆఫీసు రిజిస్టర్లు ఆఫీసుకే అప్పగించి వచ్చాను. ఇవి నా సొంతం. ఉదయం ప్రార్థన అయ్యాక ముందురోజు సంగతులు రాసుకోవడం అలవాటు. ఎవరికి పురుడు, ఎన్ని గంటలకి, బిడ్డ బరువెంత, వాన పడిందా, బోట్లు వెళ్లాయా. ఏడాదికొక పుస్తకం చొప్పున గదిలో ఒక బీరువా నిండిపోయింది.

ఆ పిల్ల పుట్టిన రోజు దొరకడానికి గంట కూడా పట్టలేదు. ఫిబ్రవరి రెండో వారం. ఉదయం పది గంటల నలభై నిమిషాలు. ఆడపిల్ల, రెండు కిలోల ఆరు వందలు. పుట్టగానే ఏడ్చింది. తండ్రి వేటలో ఉన్నాడు.

అక్కడితో పుస్తకం మూసేసి ఉండవచ్చు. కానీ ఫోన్లో వచ్చిన మాట నిజమో కాదో చూసేందుకు నా దగ్గర ఇన్ని పుస్తకాలు ఉన్నాయి కదా అనిపించింది. తెల్ల కాగితాల మీద నాలుగు గడులు గీశాను. పుట్టిన నెల, ఎవరి బిడ్డ, ఇప్పుడు ఎక్కడ, చివరి గడిలో దిగులు.

మొదటి గడి నింపుతుంటేనే నవ్వొచ్చింది. జనవరి నుంచి మార్చి వరకు పేజీల నిండా పురుళ్లే. కారణం ఆ పేటలో అందరికీ తెలిసిందే. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు సముద్రంలో వేట ఆపేస్తారు. మగవాళ్లు ఇంటి పట్టున ఉంటారు. మా సబ్‌సెంటర్లో పనిచేసే కుర్ర కాంపౌండరు మే నెలలోనే, "మేడం, వచ్చే ఏడాది పోలియో చుక్కలకి ఇప్పుడే ఇండెంట్ పెట్టేద్దామా?" అని అడిగేవాడు. ఫోన్లో రాసింది నిజమైతే సగం పేట ఆసుపత్రిలో ఉండాలి.

మూడో గడి కూడా సులువుగానే నిండింది. నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. ఎవరికి షుగరు వచ్చిందో, ఎవరు బోటు మానేసి రొయ్యల చెరువు మీద కాపలాకి బంటుమిల్లి వెళ్లారో నాకు తెలుసు. ఎవరికి దిగులుగా ఉందో తెలియదు. అన్నేళ్లు ఇల్లిల్లూ తిరిగాను, ఆ గడిలో రాయడానికి ఒక్క మాట లేదు.

ఆ కాగితాలు పక్కన పెట్టి ఇంకోలా ఆలోచించాను. వేట ఆగిన రోజుల్లో కడుపు పండితే, కడుపు బరువయ్యేది అక్టోబరు, నవంబరుల్లో. అవి వాయుగుండాల రోజులు. తీరం వెంట హెచ్చరిక వచ్చినప్పుడల్లా, నిండు కడుపుతో ఉన్నవాళ్లు హార్బరు దారిలో నిలబడి ఇంకా రాని బోట్ల కోసం చూడటం నాకు గుర్తుంది. ఫోన్లో రాసినవాళ్లు ఎండ తగలని చలిదేశాల సంగతి చెప్పి ఉంటారు. ఈ పేటలో కాలం మారిందంటే ఇంటాయన ఒడ్డున ఉన్నాడో నీళ్ల మీద ఉన్నాడో చూసుకోవాలి. ఆ భయం కడుపులోని బిడ్డకి చేరుతుందో లేదో చెప్పేంత చదువు నాకు లేదు. కానీ తల్లికి మాత్రం చేరుతుంది కదా అనుకుని, ఆ ఏడాది పుస్తకం మళ్లీ తెరిచి, పురుడు తర్వాతి పేజీలు చదివాను.

మూడో రోజు: తల్లి మాట్లాడటం లేదు. జ్వరం లేదు. పాలు పడ్డాయి.

ఏడో రోజు: తల్లి గోడ వైపు తిరిగి పడుకుంది. బిడ్డ అత్తగారి చేతిలో ఉంది. ఐరన్ మాత్రలు ఇచ్చాను.

ఆరో వారం: బిడ్డ బరువు బాగుంది. తల్లి ఏడుస్తోంది. నీరసం. ఆకుకూరలు, గుడ్లు తినమని చెప్పాను.

అక్షరాలు గుండ్రంగా, కొట్టివేతలు లేకుండా ఉన్నాయి. ఎందుకు ఏడుస్తున్నావమ్మా అని అడిగినట్టు ఎక్కడా లేదు. పచ్చి బాలింత, అలాగే ఉంటుందనుకున్నాను. అప్పట్లో అందరమూ అలాగే అనుకునేవాళ్లం. అయినా ఆ రాత చదువుతుంటే నాకు సిగ్గేసింది.

సోమవారం ఆటో ఎక్కి గిలకలదిండి వెళ్లాను. ఇంటాయన వేటకి వెళ్లాడు. తల్లీ కూతుళ్లే ఉన్నారు. పిల్ల కుర్చీ తెచ్చి వేసి, తను గడప మీద కూర్చుంది. బాగా చిక్కింది.

"ఫిబ్రవరే," అన్నాను.

"చూశారా! నేను చెప్పలా?" అంది తల్లి.

"నీ కూతురొక్కతే కాదు. మీ పేటలో చాలామంది ఆ నెలల్లోనే పుట్టారు. వేట ఆపిన పుణ్యం."

"ఊరుకోండి నర్సమ్మగారూ, పెళ్లి కాని పిల్ల ముందు!"

"నాకు తెలీదా ఏంటమ్మా?" అంది పిల్ల. ఆ పిల్ల నవ్వడం చూసి చాలా రోజులైంది. "తమ్ముడూ మార్చిలోనే పుట్టాడుగా. అన్నం ఆలస్యమైతే తప్ప ఆడికి దిగులంటే ఏంటో తెలీదు."

తల్లి కూడా నవ్వింది. అప్పుడు నేను సంచిలోంచి డైరీ తీసి, "ఇది నీ గురించి రాసింది. ఇది కూడా విను," అని ఆమెకు ఆ మూడు రోజుల రాతా చదివి వినిపించాను.

చదవడం అయ్యాక పుస్తకం మూశాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అయ్యన్నీ రాశారా?"

"రాశాను. అడగాల్సింది మాత్రం అడగలేదు. తప్పు నాదమ్మా."

"అడిగినా చెప్పేదాన్ని కాదేమో." కూతురి వైపు చూడకుండా చెప్పింది. "దీన్ని పక్కలో పడుకోబెడితే, ఎవరి పిల్లో నా పక్కన ఉన్నట్టు ఉండేది. ఎత్తుకోవాలనిపించేది కాదు. నాకు ఈ బిడ్డ ఎందుకు అనుకున్నాను. కన్నతల్లి అనుకునే మాటేనా అది? ఎవరికీ చెప్పలా. మా ఆయనకి కూడా."

"నాన్నకి కూడానా?" అంది పిల్ల, మెల్లగా.

"మీ నాన్నకి కూడా. ఇప్పుడు నువ్వు ఇట్టా అయితే, ఆ పాపమే నీకు తగిలిందనుకున్నాను. ఆ ఫోన్లో మాట విన్నాక కాస్త తెరిపిన పడ్డాను. నా వల్ల కాదు, నెల వల్ల వచ్చిందిలే అని."

తేదీ ఎందుకు అంత గట్టిగా అడిగిందో నాకు అప్పుడు తెలిసింది. నెల మీద నేరం పడితే ఆమె బయటపడుతుంది.

పిల్ల గడప మీద నుంచి లేచి తల్లి పక్కన చేరింది. "అమ్మా, ఇప్పుడు నాకూ అట్టాగే ఉంటది. అన్నం ముందు కూర్చుంటే, ఎందుకిదంతా అనిపిస్తది. నువ్వేం చెయ్యలేదు. నీకు వచ్చిందే నాకూ వచ్చింది, అంతే. నాకు సరైన మాత్రలిచ్చారు, నీకు ఐరన్ మాత్రలిచ్చారు."

ఆ చివరి మాట అంటూ నా వైపు ఓరగా చూసింది. పడాల్సిన మాటే. పడ్డాను.

"అది ఎప్పుడు పోయింది నీకు?" అని తల్లిని అడిగాను, ఇన్నేళ్లకి.

"నీకు నడక వచ్చాక తగ్గినట్టుంది," అని జవాబు కూతురికి చెప్పింది. "మొత్తం పోలా. వాయుగుండం అన్నప్పుడల్లా వస్తా ఉంటది. మొన్న కూడా వచ్చింది."

ఆ గురువారం ముగ్గురం పెద్దాసుపత్రికి వెళ్లాం. లోపలికి కూడా కలిసే వెళ్లాం. డాక్టరు చిన్న వయసు అమ్మాయి. తల్లి కూర్చోకుండానే, "పుట్టిన కాలాన్ని బట్టి ఈ జబ్బు వస్తదంటున్నారు, నిజమేనా అండీ?" అని అడిగేసింది.

"అలాంటి పరిశోధనలు చేశారమ్మా," అన్నారు డాక్టరు. "కొన్నిట్లో కొంచెం తేడా కనపడింది, కొన్నిట్లో ఏమీ కనపడలేదు. ఎంతోమందిని కలిపి చూస్తే తెలిసే చిన్న తేడా అది. మీ అమ్మాయి ఒక్కదాని గురించి అది ఏమీ చెప్పదు. తను ఏ నెలలో పుట్టినా మందు మందే. మధ్యలో మానిపించొద్దు."

"మానిపించనండి," అంది. తర్వాత కుర్చీ అంచు మీద కూర్చుంది. "మరి నా సంగతి కూడా చెప్పొచ్చా అండీ? పాత సంగతి. ఇది పుట్టినప్పటిది."

డాక్టరు రాస్తున్న కలం కింద పెట్టి, మా ఇద్దర్నీ కాసేపు బయట ఉండమన్నారు.

బయట వరండాలో బల్లల నిండా జనం. మేము గోడకి ఆనుకుని నిలబడ్డాం. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. లోపలి నుంచి తల్లి గొంతు సన్నగా వినపడుతోంది, మాటలు తెలియడం లేదు. మా తర్వాతి చీటీ చేతిలో పట్టుకున్న పెద్దాయన రెండుసార్లు లేచి కూర్చున్నాడు. మూడోసారి తలుపు దగ్గరికి వచ్చి, "ఏంటండీ లోపల, సంతా? మేమంతా ఎప్పుడు చూపించుకోవాలి?" అన్నాడు. వెనక ఇద్దరు ముగ్గురు అవునన్నారు.

నేను సర్దిచెప్పబోయాను. ఈలోపే పిల్ల వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడింది. గొంతు క్లాసులో అందరికీ వినపడేంత గట్టిగా ఉంది.

"మా అమ్మ మాట్లాడుతోందండీ," అంది. "కాసేపు ఆగండి."