రాయి కుదర్లేదు

జ్ఞానకుమారికి ఏ రాయీ ఒక పట్టాన నచ్చదు. అమలాపురం మనిషి, దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలో నర్సు. ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే బొమ్మలు వేసేది. పూలూ నెమళ్ళూ వేయమంటే వినదు. ఊరికి ఉత్తరాన కొండలు నిటారుగా సముద్రంలోకి దిగిపోయే ఒడ్డు, ఆ బండలు, ఆ దుమ్ముగాలి, అంతే. పచ్చరంగు సీసా మూత తీసిన పాపాన పోలేదు.

ఆ బండల మీద ఆమె బొమ్మల స్టాండు మోసిన మహానుభావుణ్ణి నేనే. పేరు మూర్తి, క్వారీలో స్టోర్‌కీపర్ని. ఇంటికెదురుగా ఉన్న బకాలా కొట్లో పాలప్యాకెట్ కొనడానికీ కారు తీసేవాణ్ణి. 2005లో కంపెనీ మెడికల్‌లో నా షుగర్ చూసి ముదీర్, అంటే మా మేనేజరు, కళ్ళెర్రజేశాడు. "మూర్తీ, అగ్లా సాల్ సేమ్ సేమ్, ఖలాస్! తుమ్ ఘర్ జావ్!" వచ్చే ఏడూ ఇంతే ఉంటే ఇంటికే అన్నమాట. ఉద్యోగం పోతుందన్న దిగులుతో ఆ సాయంత్రం రెండు కాజాలు ఎక్కువ తిన్నాను.

నడవమని మా ఆవిడ ఉమామహేశ్వరి మొత్తుకుంది. మోకాళ్ళ నొప్పులన్నాను. ఆ వారమే ఆవిడ స్నేహితురాలు జ్ఞానకుమారి మా ఇంటికొచ్చింది.

"అన్నయ్యగారూ, గాలికి నా స్టాండు నిలబడట్లేదండి. కళ తెలిసినోళ్ళెవరైనా తోడొస్తే బాగుండును."

కళ తెలిసినవాడు అనగానే నా మోకాళ్ళు బాగైపోయాయి.

ప్రతి శుక్రవారం పొద్దున్నే మా క్వారీ డ్రైవర్ చాంద్ బాషా మమ్మల్ని ఒడ్డుకి తీసుకెళ్ళి, ఒక చీలిన బండ పక్కన కారు ఆపేవాడు. మా ఆవిడ ఫ్లాస్కుతో అక్కడే కూర్చునేది. నేను స్టాండు భుజానేసుకునేవాణ్ణి.

"ఇక్కడ పెట్టనా చెల్లెమ్మా?"

"రాయి కుదర్లేదండి. ఆ మలుపు దగ్గరికి పదండి."

మలుపు దగ్గరా కుదిరేది కాదు. ఆ పైన గుట్ట ఎక్కినా కుదిరేది కాదు. తిరిగి కారు దగ్గరికి రాగానే నేను వెనక సీట్లో పడి గురక పెట్టేవాణ్ణి. బొమ్మ ఎప్పుడు వేసేదో దేవుడికే తెలియాలి.

మరుసటి ఏడు మెడికల్‌లో షుగర్ దిగింది. ఉద్యోగం నిలిచింది. అంతా నా మనోబలం అని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ నెలలోనే చర్చి హాల్లో ఆమె బొమ్మలు పెట్టారు. వచ్చినవాళ్ళకి నేనే వివరిస్తున్నాను. "ఇది గుట్ట మీంచి వేసింది. స్టాండు మోసింది నేనే."

చాంద్ బాషా దగ్గరికొచ్చి చూశాడు. "ఏం గుట్టన్నా? అన్నింట్లో ఆ చీలిన బండే కదా. మనం కారాపేది ఈడనే కదా!"

చూస్తే నిజమే. గోడ పొడుగునా అదే బండ.

"ఆ బండ దగ్గరే వేసేదానివైతే నన్నెందుకు తిప్పావమ్మా?" అన్నాను.

"నడవమంటే నడిచారేంటండి? స్టాండు మొయ్యమంటే మోశారు," అంది జ్ఞానకుమారి. మా ఆవిడ చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా, ఆ చెల్లెమ్మ మీద ప్రేమ పొంగుకొచ్చింది.

శుక్రవారం చాంద్ బాషా మామూలు చోటే కారు ఆపాడు. "ఇంక తిరగక్కర్లేదు లెండి, ఇక్కడే వేస్తాను," అంది ఆమె.

నేను స్టాండు భుజానేసుకున్నాను. "రాయి కుదర్లేదు చెల్లెమ్మా, పద."