తీగలు లేని బాస్ గిటార్ మోగిన మధ్యాహ్నం

దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా తిరిగే దయ్యం కథల్లో సగం నేను కల్పించినవే, ఇంక నమ్మేదెట్లా? నాలుగు కిలోల నా బాస్ గిటార్‌ని కూడా, చూడనివాళ్ళకు నలభై కిలోలని చెప్తుంటాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

అది జపాన్‌లో తయారైన పాత ఎలక్ట్రిక్ బాస్. వయసులో నాకంటే పెద్దది, నిగనిగలో నాకంటే చిన్నది. చిన్న మంగళారం ఊరి చర్చిలో దాన్ని ముప్పై ఏళ్ళు వాయించిన దేవదానం, మేమంతా బాపు అని పిలిచే పెద్దాయన, వేళ్ళు వంకర్లు పోయాక నా చేతిలో పెట్టాడు. ఆయన మోచెయ్యి ఆనిన చోట రంగు అరిగి లోపలి చెక్క కనబడుతుంది. కొత్త రంగు వేయించమంటారు అందరూ. చార్మినార్‌కి వేయించండి, దీనికి వద్దంటాను.

కనకమామిడిలో మా ఇంటి గోడకు దాన్ని వేలాడదీశాను. బోరు మోటర్ వేస్తే చాలు, ఆ అదురుకు దాని లావు తీగ ఊఁ అని మూలిగేది. అందులో వింతేమీ లేదు.

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం, ప్రార్థన అయ్యాక బాపు వచ్చాడు. నేను గిటార్ తీగలు విప్పి వంటింట్లో మరిగిస్తున్నాను. జిడ్డు వదిలి పాత తీగలకు మోత తిరిగొస్తుంది, బాస్ వాయించేవాళ్ళకు అదో అలవాటు.

"మంచి పులుసు గిన్నె పాడుచేసినవు. ఉప్పెయ్యాల్నా దీంట్ల?" అంది నా భార్య సుజాత.

"కారం గూడ వెయ్యి బిడ్డా. వీని వాయింపుల అదే తక్కువ," అన్నాడు బాపు. కరెంటు లేక కుళాయి రావడం లేదని, చేతులు కడుక్కోవడానికి పెరట్లో నేలలోకి కట్టిన నీళ్ళ సంపు దగ్గరికి వెళ్ళాడు.

కాసేపటికి ముందుగదిలోంచి ఊఁ అని మోత.

"కరెంటొచ్చినట్టున్నది, మోటర్ ఆడుతున్నది," అంది సుజాత.

"కరెంటేడున్నది?"

ఇద్దరం గిన్నెలోకి చూశాం. నాలుగు తీగలూ అందులోనే ఉన్నాయి.

వెళ్ళి గిటార్ మీద చెయ్యి పెట్టాను. రంగు అరిగిన చోట చెక్క అదురుతోంది. మోటర్ ఎట్లా ఆడుతోందో చూద్దామని పెరట్లోకి పరుగెత్తాను. మోటర్ ఆడటం లేదు. పక్కన సంపు మూత తీసి ఉంది. లోపల గడ్డం దాకా నీళ్ళలో, పైపు పట్టుకుని బాపు. అరిచే ఓపిక కూడా లేదు.

నిచ్చెన దించి నేనూ సుజాతా ఎట్లాగో పైకి లాగాం. ఊపిరి కుదుటపడ్డాక, "నేను పిలువనే లేదు గదరా, ఎట్లొచ్చినవ్?" అన్నాడు.

"నీ గిటార్ పిలిచింది బాపూ."

"తీగలు గిన్నెల ఉన్నయి గద."

"ఉన్నయి."

బాపు మెల్లగా, "తీగలున్నప్పుడే నా మాట సక్కగ ఇనకపోయేది అది," అన్నాడు.

మెకానిక్‌నీ అడిగాను, పాస్టర్‌నీ అడిగాను. ఎవరూ తేల్చలేదు. పైగా స్నేహితులు, ఇందులో ఎన్నింతలు పెంచావని అడుగుతారు. జీవితంలో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్తే నాకు దక్కిన మర్యాద అది. ఆ అదురు ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. దాని వల్ల బాపు బతికి ఉన్నాడు, అంతే తెలుసు.

ఆదివారాలు ఇప్పటికీ వస్తాడు. గిటార్ ఆయన ఒళ్ళో పెడతాను. వంకర వేళ్ళతో లావు తీగ ఒక్కటే మీటుతాడు. అది ఊఁ అనగానే, తాళం వేసిన సంపు వైపు ముగ్గురం ఒకసారి చూస్తాం.