మేరక్క గుండె నా ఫోన్‌లో

దయ్యాలు, ఆత్మలు, శకునాలు... వీటిలో ఏ ఒక్కదాన్నీ నేను జన్మలో నమ్మలేదు. కాకినాడలో మా వీధి చివర ఒక పాడుబడ్డ ఇల్లుండేది. అందులో ఏదో తిరుగుతుందని వీధంతా హడలిపోయేది. నేను మాత్రం పదో తరగతి పరీక్షలకు ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని చదువుకున్నాను, అక్కడికైతే ఎవరూ వచ్చి విసిగించరని. మార్కులు బాగానే వచ్చాయి.

ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎవరైనా "పనిచేస్తోంది" అంటే "ఏదీ, చూపించు" అనడమే నా ఉద్యోగం. పదిహేనేళ్లుగా అదే పని చేసి చేసి ఇంట్లో కూడా అదే బుద్ధి పట్టుకుందని మా ఆయన గోల. అలాంటిదాన్ని ఇది రాయడానికి కూర్చున్నానంటే ఊరికే కాలక్షేపానికి కాదని గ్రహించండి. జరిగింది జరిగినట్టు వరసగా చెబుతాను.

మేరక్క నాకు చుట్టం కాదు. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్‌లోనే పై అంతస్తులో ఉంటుంది. సొంతూరు మెదక్ వైపు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ నర్సు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద, నలభై ఎనిమిది. ఇద్దరం కలిసి ఒక రన్నింగ్ గ్రూపులో చేరాం. ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలన్న పట్టుదల ఆమెది. ఆమె పట్టుదల చూసి ఎగేసుకుంటూ వెళ్లిన దాన్ని నేను.

గ్రూపులో అందరూ దూరం పరుగు ఆదివారం పెట్టుకుంటే మేమిద్దరం శనివారం పెట్టుకునేవాళ్లం. ఆదివారం ఆమెకు చర్చి. దాన్ని మాత్రం ఎవరి కోసమూ మానదు.

గుండె వేగం చూసుకుంటూ పరుగెత్తమని మా కోచ్ చెప్పాడు. మొదట చేతి వాచీతో సరిపెట్టుకున్నాను. కానీ అది నా అడుగుల లెక్కనే గుండె లెక్క అనుకునేది. నింపాదిగా కబుర్లు చెప్పుకుంటూ పరుగెడుతున్నా నూట డెబ్బై అని చూపించి కంగారు పెట్టేది. ఛాతీకి కట్టుకునే పట్టీ కొనుక్కోండి, అదే నమ్మకమైనది అన్నాడు కోచ్. నలభై అయిదు దాటినవాళ్లు పట్టీ లేకుండా దూరం పరుగుకి రావద్దని కూడా గట్టిగా చెప్పాడు.

ఇక నేను వారం రోజులు అదే పనిగా రివ్యూలు చదివాను. బట్ట మెత్తగా ఉండాలి, ఛాతీ కింద కొలత సరిపోవాలి, బ్యాటరీ మనమే మార్చుకునేలా ఉండాలి, ఉతకడానికి వీలుగా, గుండె లెక్క పట్టే గుండ్రటి బిళ్ల విడిగా ఊడి రావాలి. మేరక్క నా హడావిడి చూసి నవ్వింది.

"నాడి చూసుకోనికి గింత ముచ్చట ఎందుకు చెల్లె? రెండు వేళ్లు చాలవా?"

చివరికి ఇద్దరికీ ఒకే రకం పట్టీలు నేనే తెప్పించాను. అక్కడే మొదటి పొరపాటు జరిగింది. రెండూ ఒకేలా ఉంటాయి, ఫోన్‌లో కనిపించే పేర్లూ చివరి నాలుగు అంకెలు తప్ప ఒకటే. మొదటి వారం నా ఫోన్ ఆమె పట్టీకి తగులుకుంది. గుట్ట ఎక్కుతున్నది నేనైతే, ఫోన్ మాత్రం కింద నిలబడి నీళ్లు తాగుతున్న ఆమె గుండె లెక్క చెబుతోంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం. మళ్లీ పొరపాటు పడకూడదని ఆమె పట్టీని నా యాప్‌లో "మేరక్క" అని పేరు పెట్టి దాచాను.

పట్టీ వాడకం నాకు తొందరగానే అలవాటైంది. కట్టుకునే ముందు లోపలి వైపు నీళ్లతో తడపాలి, లేకపోతే మొదటి పది నిమిషాలూ పిచ్చి లెక్కలు వస్తాయి. పరుగయ్యాక బిళ్ల ఊడదీయాలి, లేకపోతే చెమట తడికి అది పనిచేస్తూనే ఉండి బ్యాటరీ అయిపోతుంది. ఇవన్నీ మేరక్కకు నేను పాఠంలా చెప్పేదాన్ని. ఆమె తలూపేది, తనకు తోచినట్టే చేసేది.

ఆ శనివారం తెల్లవారుతుండగా కోకాపేట దగ్గర సర్వీసు రోడ్డు మీద మొదలుపెట్టాం. నేను పట్టీ తడిపి కట్టుకున్నాను. ఫోన్ చేతికి కట్టుకుని ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాను. కిలోమీటరుకోసారి యాప్ గుండె వేగం చెబుతుంది. మొదటి రెండు కిలోమీటర్లకీ నూట ముప్పై చిల్లర చెప్పింది. పక్కనే మేరక్క తన డ్యూటీల పట్టిక వేసినవాడిని తిట్టుకుంటూ పరుగెడుతోంది.

మూడో కిలోమీటరుకి యాప్ నలభై రెండు అంది.

పట్టీ ఆరిపోయి ఉంటుందని పరుగెడుతూనే సీసాలో నీళ్లు లోపలికి పోసుకున్నాను. కాసేపటికి ఫోన్ చూస్తే నూట తొంభై ఆరు. మళ్లీ చూస్తే యాభై. ఆగి, మెడ మీద వేళ్లు పెట్టి లెక్కపెట్టుకున్నాను. నా గుండె నూట ముప్పై ఆరు దగ్గర శుభ్రంగా కొట్టుకుంటోంది. అప్పుడు తెర పైభాగం చూశాను. కనెక్టయి ఉన్న పట్టీ పేరు "మేరక్క".

నేను భయపడలేదని చెబితే అబద్ధం. ఆమె పది అడుగులు ముందుకు వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఏంది చెల్లె, మల్ల నా గుండెను పట్టుకున్నదా నీ ఫోను?"

"అక్కా, మీరు ఒక్క నిమిషం ఆగండి. ఇది చూడండి."

"నాకేమైతది, మంచిగనే ఉన్న. రాత్రి నిద్ర లేదు, గంతే. ఇగ నడువు."

ఆమె ముఖంలో అలసట తప్ప మరేమీ లేదు. రెండు రోజులుగా దవడ పన్ను లాగుతోందని మాత్రం పొద్దున అంది; గుండె నొప్పి దవడకూ పాకుతుందని నాకు అప్పటికి తెలియదు. నేను దారికి అడ్డంగా నిలబడ్డాను. ఆమె విసుక్కుంటూ, నన్ను ఊరుకోబెట్టడానికి అన్నట్టు, మెడ మీద రెండు వేళ్లు పెట్టుకుని వాచీ చూసింది. పాతికేళ్లుగా ఎందరికో నాడి చూసిన మనిషి. నిమిషం పూర్తవకముందే, లెక్కపెడుతున్న ఆమె పెదవులు కదలడం మానేశాయి. మెల్లగా రోడ్డు పక్క గట్టు మీద కూర్చుంది.

"బండి పిలువు చెల్లె. మా దవాఖానకే."

క్యాబ్ దొరికింది. దారిలోనే తన ఆసుపత్రికి ఫోన్ చేసి, వేరే రోగి గురించి చెబుతున్నంత తాపీగా తన సంగతి చెప్పింది. అత్యవసర విభాగం తలుపు దగ్గర స్ట్రెచర్ మీద పడుకుంటూ నా చెయ్యి వదిలింది. లోపలికి తీసుకెళ్లిన కొద్ది నిమిషాలకే ఆమె గుండె లయ తప్పి ఆగిపోయింది. షాక్ ఇచ్చి తిరిగి కొట్టుకునేలా చేశారు. ఈ మాట నాకు గంట తర్వాత చెప్పారు. ఆ సర్వీసు రోడ్డు మీదే గనక అయి ఉంటే ఏం చేయడానికీ ఉండేది కాదన్నాడు డాక్టరు. నేను ఆ కారిడార్‌లో కుర్చీలో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇంతవరకూ ఇది మంచి పట్టీ కథే. పొరపాటున కనెక్టవడం మా మంచికే వచ్చిందనుకున్నాను.

మధ్యాహ్నం ఒక నర్సమ్మాయి మేరక్క వస్తువులు సంచిలో పెట్టి ఇచ్చింది. టీషర్టు, బూట్లు, వాచీ, మెడలోని సిలువ గొలుసు. పట్టీ లేదు. అడిగితే, బట్టలు తీసింది తనేననీ, ఒంటి మీద అలాంటిదేమీ లేదనీ చెప్పింది. హడావిడిలో ఎక్కడో పడేసి ఉంటారనుకున్నాను.

సాయంత్రం మార్చుకునే బట్టలకోసం ఆమె ఇంటికి వెళ్లాను. భర్త డేవిడన్న అప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాడు. బాల్కనీ తీగ మీద, రెండు క్లిప్పుల మధ్య, ఉతికి ఆరేసిన మేరక్క పట్టీ వేలాడుతోంది. కిటికీ గట్టు మీద స్టీలు గిన్నెలో బిళ్ల ఉంది. వెనక మూత తీసి ఉంది. లోపల బ్యాటరీ లేదు.

"అది నేనే తీసిన చెల్లె," అన్నాడు డేవిడన్న. "కారు తాళంల బ్యాటరీ అయిపోయింది. బేస్తవారం నాడు దీంట్లకెల్లి తీసి దాంట్ల ఏసిన. కొత్తది తెస్తనన్న, మర్చిపోయిన. నీకు చెప్పొద్దన్నది, పట్టీ లేకుంటే ఉరకనియ్యవని."

గురువారం నుంచే బ్యాటరీ లేని ఆ బిళ్లను గిన్నెలోంచి తీసి, అటూ ఇటూ తిరగేసి చూశాను. డేవిడన్న మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

ఆ తర్వాత నాకు చేతనైన పరీక్షలన్నీ చేశాను. బిళ్ల వెనక చెక్కిన నంబరు, నా యాప్ దాచుకున్న ఆ రోజు రికార్డులోని నంబరు ఒకటే. అది నా పట్టీ నంబరు కాదు. అంతకుముందు కనెక్టయినప్పటి పాత లెక్క ఏదైనా తిరిగి కనిపించిందేమోనని మేరక్క పాత పరుగులన్నీ తీసి చూశాను. ఏ రోజూ అలాంటి గుండె వేగపు గీత లేదు. మా ఆఫీసులో బ్లూటూత్ పరికరాల మీద పనిచేసే ఒక సహోద్యోగికి చూపించాను. అతను రెండు రోజులు నా ఫోన్ దగ్గర పెట్టుకుని, "బ్యాటరీ లేని వస్తువు, పైగా కిలోమీటర్ల దూరంలో. నన్నడక్కండి మేడమ్" అని తిరిగి ఇచ్చేశాడు.

ఇంకొక సంగతుంది. ఆ కంగారులో రికార్డింగ్ ఆపడం మరచిపోయాను. క్యాబ్‌లోనూ, కారిడార్‌లోనూ యాప్ రాసుకుంటూనే ఉంది. గీత ఒకచోట పూర్తిగా నేలకు పడిపోయి, కాసేపు అలాగే ఉండి, మళ్లీ లేచింది. మేరక్క కోలుకున్నాక తన కేసు షీటు నాకు చూపించింది. షాక్ ఇచ్చిన సమయం అందులో రాసి ఉంది. నా ఫోన్‌లో గీత లేచిన నిమిషమూ అదే. ఫోన్ గడియారం, ఆసుపత్రి గడియారం ఒకటి రెండు నిమిషాలు తేడా ఉండొచ్చు, అది నాకు తెలుసు. తెలిసీ ఆ గీత చూసినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. భయంతో కాదు. పెద్ద గుడిలో గర్భాలయం ముందు నిలబడ్డప్పుడు మాట పడిపోతుంది చూడండి, అలా.

మేరక్కకు మాత్రం ఏ సందేహమూ లేదు. ఆసుపత్రి మంచం మీదే తేల్చేసింది. "పట్టీ కట్టుకున్నట్టే నీ ముంగట ముచ్చట చెప్పిన. అయినా దేవుడు నీ ఫోన్ల చెప్పిండు చెల్లె. నాకు చెప్తె నేను ఇననని ఆయనకు ఎరికె."

ఆమె గుండె దగ్గర చర్మం కింద, లయ తప్పితే తనే షాక్ ఇచ్చే ఒక చిన్న పరికరం పెట్టారు. పరుగు మానేసి నడుస్తోంది. నడవగలిగిన మొదటి ఆదివారం నన్ను వాళ్ల చర్చికి తీసుకెళ్లింది. మేలు జరిగినవాళ్లు అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పడం అక్కడ ఆనవాయితీ. తను చెప్పాక, నన్నూ చెప్పమని పట్టుబట్టింది. నాకు ఆ చర్చీ కొత్త, ఆ దేవుడూ కొత్త. అసలు ఏ దేవుడితోనూ నాకు అంత పరిచయం లేదు. అయినా ఆమె మొహం చూసి కాదనలేక లేచాను.

మైకు పట్టుకుని, ఇక్కడ రాసిందే వరసగా చెప్పాను. నంబర్లతో సహా. చివరికొచ్చేసరికి అందరూ నా నోటి నుంచి 'ఇది దేవుడే చేశాడు' అన్న ఒక్క మాటకోసం ఎదురుచూస్తున్నారని అర్థమైంది. ఆ మాట అనడానికి నాకు నమ్మకం చాలలేదు. కాదనడానికి ధైర్యమూ చాలలేదు.

"ఇది ఎలా జరిగిందో నాకు తెలియదండి," అన్నాను. "జరిగింది మాత్రం నిజం."

మైకు తిరిగి ఇచ్చేయడానికి చెయ్యి చాపాను. పాస్టరుగారు ఏమీ అడగకుండా మైకు తీసుకున్నారు. నేను వెళ్లి కూర్చోబోతే మేరక్క బెంచీ మీద పక్కకు జరిగి చోటిచ్చింది. పాట మొదలైంది. ఆమెకు శ్రుతి అసలు తెలియదు. అయినా అందరికంటే గట్టిగా, ఊపిరి నిండా తీసుకుని, పాడుతూనే ఉంది.